నాలుగు వేళ్ల గుడ్డ

మద్రాసు నుంచి వచ్చిన అధికారి గుడ్డ మీద అద్దం పెట్టి, సూదితో పోగులు లెక్కపెట్టి, పద్నాలుగు అన్నాడు. అదే తానుకు నాలుగు రోజుల ముందు నేను అద్దం పెట్టి, ఇరవై అని పుస్తకంలో రాసి, నీలం ముద్ర వేశాను. ఈలోగా గుడ్డ మారలేదు. అద్దం కూడా నాదే, ఆయన నా బల్ల మీద నుంచి తీసుకున్నాడు. ఇద్దరిలో ఎవరమూ లెక్క తప్పలేదు.

పుత్తూరు డిపో వరండాలో ఆ ఉదయం అయిదుగురం ఉన్నాం. అధికారి కుర్చీలో కూర్చున్నాడు. డిపో మేనేజరు ఆయన వెనక నిలబడ్డాడు. గుడ్డలు మడిచే ముసలాయన మూటల దగ్గర, నేను బల్లకు ఇవతల. ఆ తాను నేసిన మనిషి మెట్ల కింద ఉన్నాడు. యాభై ఏళ్లుంటాయి. కొత్త పడుగుకు నూలు తీసుకుపోదామని నారాయణవనం నుంచి నడిచి వచ్చాడు. మూట విప్పి తన తానే బల్ల మీద పరుస్తారని ఆయన అనుకుని ఉండడు.

ఆయన నూలుకార్డు మీద అప్పటికే రెండు ఎర్రముద్రలున్నాయి. రెండూ నేను వేసినవే. మూడోది పడితే కార్డు రద్దు. కార్డు లేకపోతే నూలు లేదు, నూలు లేకపోతే మగ్గం లేదు. పద్నాలుగు అనే మాట వినగానే ఆయన తలెత్తి అధికారిని చూడలేదు. నన్ను చూశాడు.

ఇది నేను పత్రికలో చేరకముందు సంగతి. యుద్ధం నడుస్తున్న రోజులు. బియ్యం, కిరసనాయిలుతో పాటు నూలు కూడా కంట్రోలులోకి వచ్చింది. మా డిపో చేసే పని నేతగాళ్లకు నూలు ఇచ్చి గుడ్డ తీసుకోవడం. చీరలు, పంచెలు కావు. సైన్యం ఆసుపత్రులకు పంపే కట్టుగుడ్డ. తెల్లగా, పల్చగా, ఊదితే ఎగిరేట్టు ఉండేది. తాతల నాటి నుంచీ అంచు చీరలు నేసిన చేతులకు అదొక నేత అనిపించేది కాదు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు దోమతెర.

నాకు ఇరవై రెండేళ్లు. బడి చదువు ముగించి, టైపు నేర్చుకుని, తిరుపతిలో ఇంటి అరుగు మీద రెండేళ్లు కూర్చున్నాక దొరికిన ఉద్యోగం. పేరు ఎగ్జామినరు. ఆ మాట విని మా నాయన నేను పరీక్ష కాగితాలు దిద్దే పనిలో చేరానని వీధంతా చెప్పుకొచ్చాడు. సంగతి తెలిశాక కూడా ఆయన ఆ మాట వెనక్కి తీసుకోలేదు. నేనూ సరిదిద్దలేదు.

పనిముట్లు నాలుగే. గజంబద్ద, సూది, రెండు రబ్బరు ముద్రలు, ఇత్తడి మడత అద్దం. ఆ అద్దాన్ని విప్పి గుడ్డ మీద నిలబెడితే కింద అంగుళం పొడవు, అంగుళం వెడల్పు కిటికీ కనిపిస్తుంది. ఆ కిటికీలో అడ్డంగా ఇరవై పోగులుండాలి. అడ్డం పోగును పేక అంటారు, నిలువు పోగును పడుగు అంటారు. నిలువు పోగులతో నాకు ఇబ్బంది ఉండేది కాదు. అవి మగ్గం ఎక్కేటప్పుడే లెక్కకు సరిపోయి ఉంటాయి. ఎక్కువ తక్కువలన్నీ పేకలోనే.

ఈ రోజుల్లో నాణ్యత చూడటానికి వేరే విభాగాలున్నాయని, తెల్లకోట్లు వేసుకుని పని చేస్తారని ఆ పనిలో ఉన్న కుర్రవాళ్లు నాకు చెప్పారు. కోట్లు మారినా పని పెద్దగా మారినట్టు లేదు. మంచి తానుకు నీలం ముద్ర వేస్తే ఎవరూ సంతోషించరు. మంచిదే కదా నేసింది అంటారు. ఎర్రముద్ర వేస్తే నేసినవాడికి కోపం. మూటల సంఖ్య తగ్గిందని మేనేజరుకు కోపం. వేయాల్సిన చోట వేయకపోతే మద్రాసుకు కోపం. మా మేనేజరు చిత్తూరు మనిషి, నశ్యం పీలుస్తూ తీరిగ్గా మాట్లాడేవాడు. నేను చేరిన మొదటి వారమే ఒక మాట చెప్పాడు.

"ఇది శానా సులువైన పని అబ్బా. దినామూ ఎవనికో ఒకనికి కోపం తెప్పించాల. ఎవనికి తెప్పించాలో నువ్వే ఎంచుకోవచ్చు. అంతకంటే స్వతంత్రం యాడుండాది?"

నారాయణవనం నేతగాళ్ల వీధిలో నాకు బూతద్దం సామి అని పేరు. కొళాయి దగ్గర నీళ్లు పట్టే ఆడవాళ్లు నన్ను చూస్తే వినపడేట్టే అనుకునేవాళ్లు. "అదో, బూతద్దం సామి వస్తా ఉండాడు. కొంగు సర్దుకోండే, పోగులు లెక్కపెట్టి రిజెట్టు కొడతాడు." నేను తల వంచుకుని పోయేవాడిని. నవ్వు మాత్రం మూల తిరిగేదాకా వినిపించేది.

అయినా మొదటి ఆరు నెలలూ ఆ పని నాకు నచ్చిందని ఒప్పుకోవాలి. కన్ను పదునెక్కుతుంటే మనిషికి ఒక గర్వం వస్తుంది. గుడ్డ చూసి నేసినవాడికి ఆ వారం జ్వరం వచ్చిందో లేదో చెప్పగలిగేవాడిని. గుడ్డలు మడిచే ముసలాయన దీన్ని నమ్మేవాడు కాదు. ఆయన ఒకప్పటి నేతగాడే. చూపు మందగించాక మగ్గం దిగి మా దగ్గర చేరాడు. ఒకరోజు పని తక్కువగా ఉంటే పందెం వేసుకున్నాం. ఆయన కళ్లు మూసుకుని గుడ్డను బొటనవేలు, చూపుడువేలు మధ్య జార్చి పోగుల సంఖ్య చెప్పాలి. నేను అద్దంతో సరిచూడాలి. పదింటిలో ఎనిమిది సరిగ్గా చెప్పాడు. తప్పిన రెండింటికీ తప్పు నాదేనని వాదించాడు.

"ఇంకోసారి లెక్కపెట్టు సామీ. నా ఏలికి అబద్ధమాడేదానికి జీతమియ్యరు."

మళ్లీ లెక్కపెట్టాను. ఒకటి నాదే తప్పు.

ఆరో నెల దాటాక మద్రాసు నుంచి ఒక సర్క్యులరు వచ్చింది. ఏ విధమైన రంగుగాని మరకగాని ఉన్న తానును తిరస్కరించవలెనని అందులో ఉంది. ఇంకెక్కడో సరుకులో తుప్పు మరకలు వచ్చాయట, దాని గురించి రాసిన కాగితం అది. నాకు మాత్రం మొదట గుర్తొచ్చింది పసుపు పోగు.

నారాయణవనంలో కొత్త పడుగు మగ్గానికెక్కించినప్పుడు మొదటి పేక పోగును పసుపునీళ్లలో ముంచి వేసేవాళ్లు. ఒక్క పోగే. కాని తడికి పక్క పోగులు కూడా పచ్చబడి, గుడ్డ మొదట్లో వేలెడు మేర పసుపు చార కనిపించేది. ఒక పడుగుకు ఆరు తాన్లు దిగుతాయి. చార ఉండేది మొదటి తానుకే. అప్పటిదాకా ఎవరూ దాన్ని పట్టించుకోలేదు, నేను కూడా. సర్క్యులరు వచ్చాక అది నాకు రంగుగా కనిపించింది. ఆ పక్షం రోజుల్లో వచ్చిన ప్రతి మొదటి తానుకూ ఎర్రముద్ర వేశాను. ఒక్కో ఇంటికీ ఒక్కొక్కటి పడింది. నేను చెప్తున్న మనిషికి ఒకే కార్డు మీద రెండు మగ్గాలు, తనది ఒకటి, కొడుకుది ఒకటి. రెండు పడుగులూ ఒకే వారం దిగాయి. రెండు ముద్రలు పడ్డాయి.

నేను కొట్టిపారేసిన తాన్లు చుట్టుపక్కల విరిగిన ఎముకలకు కట్లు కట్టే వైద్యుల ఇళ్లకు పోయేవి. పసుపు అంటిన కట్టుగుడ్డ వాళ్లకు అభ్యంతరం కాదు.

మూడు రోజులకు ఆ రెండు మగ్గాల నేతగాడి భార్య మడతల ముసలాయన చేత కబురు పంపింది. "ఆ ముద్దర్లు కొట్టే అబ్బోడిని ఒకతూరి మా మగ్గం కాడికి రమ్మను. మాట్లాడాల." రమ్మనగానే పోవాల్సిన పని లేదు. కాని ముద్రలు వేయడమే గాని మగ్గం దగ్గర కూర్చుని చూసింది తక్కువ. నడిచి వెళ్లాను.

ఆమె కండెలు చుడుతూ ఉంది. లేవలేదు. రాట్నం ఆపలేదు.

"కూసో సామీ. పసుపు పోగు ఏస్తే రిజెట్టంట గదా?"

"రంగు ఉండకూడదని రాసినారమ్మా పైనుంచి."

"రాసినోనికి పెండ్లాం లేదా?"

మగ్గం గుంటలో కూర్చున్న ఆయన నవ్వాపుకున్నాడు. "ఊరుకోవే. ఆయప్ప చదువుకొన్నోడు, ఆయప్పకు ఇయ్యన్నీ యాడ తెలుస్తాయి?"

"సెప్పకపోతే యాడ తెలుస్తాది మరి?" అని ఆమె నా వైపు తిరిగింది. "సూడు సామీ. పసుపు లేకుండా మేము ఒకే ఒక గుడ్డ నేస్తాం. దేనికో తెలుసునా?"

"తెలియదమ్మా."

"పాడె మీద కప్పేదానికి. ఇప్పుడు నువ్వు సెప్పు. ఈ దోమతెర బతికుండేవాళ్లకు కట్టేదా, సచ్చినోళ్లకు కప్పేదా?"

"బతికుండేవాళ్లకే. దెబ్బలు తగిలిన సిపాయిలకు."

"అట్లయితే పసుపు పడాల్సిందే. ఎవుడు కన్న బిడ్డలో, ఎవుని ఒంటికి పోతాదో. నా సేత్తో పాడెగుడ్డ పంపను."

ఆమె వాదనకు సర్క్యులరులో జవాబు లేదు. ఆ సమయంలో నాకు తట్టిన ఉపాయాన్ని చాలా తెలివైనదనుకున్నాను. పసుపు పోగు వేసుకోండి అన్నాను. నాలుగు వేళ్ల మేర నేసి, గుడ్డ దించాక ఆ నాలుగు వేళ్లూ కత్తిరించి మీ దగ్గరే పెట్టుకోండి, మిగిలిన తెల్లగుడ్డ డిపోకు తెండి అన్నాను. పడుగు ఎప్పుడూ జానెడు ఎక్కువే ఉంటుంది కాబట్టి పొడవు తగ్గదు.

ఆమె రాట్నం ఆపింది. ఆలోచించి, సరే అంది. ఆయన మాత్రం వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంటున్నాడు.

"పొడుగు సరే సామీ. పేక నూలు? అది తూకంగా ఆరు తాన్లకే ఇస్తారు గదా. ఈ నాలుగు ఏళ్ల గుడ్డకు నూలు?"

"ఎంతలే, నాలుగు వేళ్లే కదా" అన్నాను.

ఆయన మళ్లీ నేతలో పడ్డాడు. లేచేటప్పుడు ఆమె మజ్జిగ ఇచ్చింది. ఒక చిక్కు విప్పానన్న తృప్తితో తిరిగి వచ్చాను.

నా ఉపాయం పనిచేసింది. వారం తిరిగేసరికి ఎవరి తానులోనూ పసుపు చార లేదు. ఎర్రముద్ర ఎండిపోయి, వాడబోతే తడి చేసుకోవాల్సి వచ్చేది. మూటలు పెరిగాయి. మేనేజరు నశ్యం డబ్బీ నా వైపు జరిపాడు, అది ఆయన దగ్గర పెద్ద మెప్పు. నా పని కూడా తేలికైంది. తాను రాగానే మొదటి కొస విప్పి, పసుపు ఉందేమో చూసి, అద్దం చేతిలోనే ఉంది కాబట్టి అక్కడే పోగులు లెక్కపెట్టి, ఇరవై ఉంటే నీలం వేసేవాడిని. నియమం ప్రకారం మొదట, నడుమ, కొసన మూడు చోట్ల లెక్కపెట్టాలి. చూడాల్సిందంతా మొదటి కొసలోనే ఉందని నా కళ్లు ఎప్పుడో తీర్మానించుకున్నాయి. మడతల ముసలాయనను కూడా "పసుపేమన్నా తగిలిందా?" అని అడిగేవాడిని. "లేదు సామీ" అనేవాడు.

ఇలా నాలుగు నెలలు గడిచాయి. అప్పుడు మద్రాసు అధికారి తనిఖీకి వచ్చాడు.

ఆయన మంచివాడా కాడా అంటే, పని తెలిసినవాడు. గొంతు పెంచేవాడు కాదు. తమిళం, ఇంగ్లీషు కలిపి మాట్లాడేవాడు, మేనేజరు తెలుగు చేసేవాడు. మూటల్లోంచి తోచిన ఒకటి విప్పించి, అందులో ఒక తాను తీసి, చివరి కొస బల్ల మీద పరిచాడు. అది ఒక పడుగులో ఆరో తాను, ఆఖరుది.

"ఇది నీ ముద్రేనా?" అని నన్ను అడిగాడు.

"అవునండీ."

"ఏ కొసలో లెక్కపెట్టావు?"

"మొదటి కొసలో."

"అక్కడే ఎందుకు?"

పసుపు వెతకడానికి అని చెప్పాలి. "అలవాటండీ" అన్నాను.

ఆయన నా వైపు ఇంకొంచెంసేపు చూసి, మేనేజరుకు సైగ చేశాడు. మేనేజరు మెట్ల వైపు తిరిగాడు.

"ఏమప్పా, కొసలో గుడ్డ నేసినావా, జల్లెడ నేసినావా?"

"నూలు సాల్లేదు సామీ."

"తూకం ప్రకారమే కదా ఇచ్చినాము. అందరికీ సాలింది నీకెట్ల సాలకపోయె?"

"నా లెక్క తప్పినాది. తప్పు నా ఒక్కనిదే సామీ."

అధికారి ఇంకో ప్రశ్న వేయించాడు. నూలు తగ్గితే తాను మొత్తంలో కొద్దికొద్దిగా సర్దుకోవచ్చు, ఎవరికీ తెలియదు, అలా చేయకుండా చివరి పది అంగుళాల్లోనే ఎందుకు పల్చన చేశావు అని. ఆ మాట తప్పు పట్టడానికి అడిగినట్టు లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు.

నేతగాడు కూడా పనివాడికి పనివాడు చెప్పినట్టే చెప్పాడు. "అంతటా సర్దితే తానంతా సెడిపోతాది గదా సామీ. కట్టు కట్టేటప్పుడు సూడు, కొస రెండుగా సీల్చి ముడేస్తారు. మా పక్క దినామూ సూస్తానే ఉంటాం. గాయం మీదికి మంచి గుడ్డ పోవాల. ముడిలోకి పొయ్యేదాంట్లోనే పల్చన జేసినా."

మేనేజరు తెలుగును తమిళం చేస్తూ మధ్యలో ఒకసారి ఆగాడు. విన్నాక అధికారి గుడ్డను చేత్తో నిమిరాడు.

"ఆలోచన బాగుంది" అన్నాడు. "కాని ఆసుపత్రిలో తానును తానుగా ఎవరూ కట్టరు. కావలసినంత ముక్కలు కోసి చుడతారు. ఈ పది అంగుళాలు ముడిలోకి పోతాయో, గాయం మీద పడతాయో నీకూ తెలియదు, నాకూ తెలియదు."

మేనేజరు దాన్ని తెలుగులో చెప్పాడు. నేతగాడి ముఖం అప్పుడే మొదటిసారి మారింది. "అది నాకు తెలవదు సామీ" అన్నాడు. మళ్లీ అదే మాట మెల్లగా అన్నాడు.

ముద్ర అధికారి వేయలేదు. "నీ ముద్ర నువ్వే దిద్దుకో" అని నాకు వదిలిపెట్టాడు. ఎర్రముద్ర దిమ్మ ఎండిపోయి ఉంది. సిరా పోసి అది పీల్చుకునేదాకా ఆగాల్సి వచ్చింది. ఆ కాసేపట్లో నా బుర్రలో లెక్క నడిచింది. నాలుగు వేళ్లంటే మూడు అంగుళాలు. అంగుళానికి ఇరవై చొప్పున అరవై పోగులు. ఇక్కడ కొసలో పది అంగుళాలు, అంగుళానికి ఆరు తక్కువ. అరవై. ఆయన ఒక్క పోగు కూడా ఎక్కువ దాచుకోలేదు. నేను కత్తిరించమన్న దానికి ఎంత నూలు పట్టిందో అంతే, పోగు లెక్కన, ఇక్కడ మిగిల్చాడు.

"అయ్యా, ఇందులో ఒక సంగతి..." అని నేను మొదలుపెట్టాను.

నేతగాడు మెట్ల కింద నుంచే గొంతు పెంచాడు. "ముద్ర ఎయ్యి సామీ. మాకు పొద్దు పోతాది."

అంతకుముందు ఆయన నాతో అలా ఎప్పుడూ మాట్లాడలేదు. అధికారి నా వైపు చూశాడు. నేను నోరు మూసుకుని, నీలం ముద్ర మీద ఎర్రముద్ర వేశాను. కార్డు మీద మూడోది వేశాను. మేనేజరు అడ్డంగా గీత గీసి సంతకం పెట్టాడు. పుస్తకంలో కారణం రాసే గడిలో పోగులు తక్కువ అని నేనే రాశాను. ఆయన కార్డు లేకుండా, నూలు లేకుండా, వచ్చిన దారినే నడిచి వెళ్లాడు. మధ్యాహ్నం బండికి అధికారి వెళ్లిపోయాడు. ఇకపై మూడు చోట్లా లెక్కపెట్టమని నాకు కాగితం మీద హెచ్చరిక ఇచ్చాడు. నా ఉద్యోగం పోలేదు.

సాయంత్రం మూటలు సర్దుతున్న ముసలాయన పక్కన కూర్చున్నాను.

"ఆ నేసినాయన నన్ను చెప్పనీయలేదెందుకు?" అని అడిగాను.

"సెప్పింటే ఏమయ్యుండేదో తెలుసునా నీకు?" ఆయన తల తిప్పకుండానే అన్నాడు. "నువ్వు ఆ ఇంట్లో సెప్పిన మాట ఆ ఇంట్లోనే నిలిచిందా? ఈది ఈదంతా పసుపు కొస కత్తిరిస్తా ఉండారు. అందరి ఆరో తానూ కొసలో అట్నే ఉండాది. నువ్వు కథంతా ఇప్పుతావు, ఆ దొర మూటలన్నీ ఇప్పిస్తాడు. ఆయప్ప కార్డు నిలుస్తాదో లేదో గానీ, ఈదిలో ఒక్క మగ్గమూ ఆడదు."

"నీకు ముందే తెలుసా?"

"ఏలికి తగల్తాది గదప్పా."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగితే గదా. పసుపు తగిలిందా అని అడిగితివి, లేదంటిని. పోగులుండాయా అని ఒకనాడన్నా అడిగినావా?"

తర్వాత ఎన్నో ఏళ్లు పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దినప్పుడు కూడా, ఒక పెద్ద తప్పు కోసం పేజీ అంతా గాలిస్తూ, శీర్షికలో ఊరి పేరే తప్పుగా పోవడం చూశాను. వెతుకుతున్న తప్పు తప్ప వేరేది కనిపించకపోవడం ఈ పనిలో అందరికీ వచ్చే జబ్బు. నాకు అది మొదటి ఉద్యోగంలోనే వచ్చింది. దాని ఖర్చు ఇంకొకరు పెట్టుకున్నారు.

మర్నాడే వీధికి కబురు పంపాను. ఎవరూ ఏమీ కత్తిరించవద్దు, పసుపు పోగుతోనే తెండి, కాని కొసదాకా ఇరవై ఉండాలి అని. సర్క్యులరుకు అది విరుద్ధం. పసుపు చార ఉన్న తాన్ల మీద నీలం ముద్ర వేస్తూ పోయాను. తిరిగి వస్తే నా ఉద్యోగం పోతుందని తెలుసు, పోనీ అనుకున్నాను. అదేమీ జరగలేదు. పసుపు ఉందని మద్రాసు నుంచి ఒక్క తాను కూడా తిరిగి రాలేదు. ఆ సర్క్యులరును పసుపుకు అన్వయించిన మనిషి నేను తప్ప ఇంకెవరూ లేరేమో.

ఇక మిగిలింది కార్డు. జరిగిందంతా చెప్పి, అర్జీ పెడదామని మేనేజరును అడిగాను. ఆయన నశ్యం డబ్బీ చేతిలో తిప్పాడు.

"రాయి అబ్బా, రాయి. తప్పు నీదని రాసుకో, సలహా నీదని రాసుకో, నాకేమీ అడ్డం లేదు. ఈది అనే మాట మాత్రం యాడా కనపడకూడదు."

ఆ ఒక్క మాట తీసేస్తే అర్జీ కుంటిది అవుతుంది. ఒకే ఒక నేతగాడికి ఎగ్జామినరు తప్పుడు సలహా ఇచ్చాడు, అతను పాటించాడు, కాబట్టి కార్డు తిరిగి ఇప్పించ ప్రార్థన. చదివినవాడు, మరి మిగతావాళ్లు పసుపు చారను ఏం చేశారు అని అడిగితే అర్జీ మొత్తం కూలిపోతుంది. మూడుసార్లు రాసి చించి, నాలుగోసారి రాసింది తీసుకుని నారాయణవనం వెళ్లాను. రెండు మగ్గాలూ ఖాళీగా ఉన్నాయి. కొడుకు వడమాలపేటలో రోడ్డు పనికి పోతున్నాడు. ఆయన పక్కవీధిలో వేరొకరి మగ్గం మీద కూలికి నేస్తున్నాడు. కబురు పంపితే వచ్చి, అర్జీ చదివించుకుని విని, సంతకం పెట్టాడు.

"నీ ఉద్దోగానికేమన్నా అయితాదేమో సామీ" అన్నాడు.

"కానీయండి."

"ఆ ముందు దిగిన పడుగు కొస కూడా పల్చనే" అన్నాడు ఆయన, కాగితం తిరిగి ఇస్తూ. "అది యాడికి పోయిందో కనుక్కొనేదానికి వీలవుతాదా?"

వీలవదని చెప్పాను. డిపో నుంచి మూట రైలెక్కితే మా పుస్తకంలో దానికి ఇంకో గడి లేదు.

ఆయన భార్య అంతసేపూ గడపలో నిలబడి ఉంది. నేను చెప్పులు తొడుక్కుంటుంటే అడిగింది. "అర్జీలో పసుపు సంగతి రాసినావా?"

"రాసినానమ్మా. పాడెగుడ్డ సంగతి కూడా రాసినాను."

"అయితే దానికి ఆళ్లేమంటారో వచ్చి సెప్పు. కార్డు ఇచ్చేది ఇయ్యనిది తర్వాత. ఆ మాటకు ఏం జవాబు సెప్తారో అది నాకు కావాల."

వచ్చి చెప్తానన్నాను.

అర్జీ అందినట్టు ఇరవై రోజులకు ఒక పోస్టుకార్డు వచ్చింది, నంబరుతో. రెండుసార్లు జ్ఞాపకం చేస్తూ ఉత్తరాలు రాశాను. ఏడాదిన్నర తర్వాత యుద్ధం ముగిసింది. కట్టుగుడ్డ అక్కర్లేదన్నారు. డిపో మూసేస్తూ తేలని అర్జీల జాబితా ఒకటి తయారుచేయమంటే నేనే టైపు చేశాను. మాది పదకొండోది. అప్పటికి ఆ కుటుంబం తడ వైపు కూలికి పోయిందని ముసలాయన చెప్పాడు, ఏ ఊరో ఆయనకూ తెలియదు. జాబితా మద్రాసులో అందినట్టు రసీదు వచ్చింది. పదకొండో అర్జీకి జవాబు రాలేదు.